శుచి జాతి కుక్క

కుక్కను తెచ్చుకుందామన్న మాట ఆ ఇంట్లో ఎలాగో నెగ్గింది గానీ, ఏ జాతి కుక్క అన్నది మాత్రం ఎంతకీ తెగలేదు. ఆదివారం టిఫిన్లయ్యాక ఫణికుమార్ ఫోనులో బొమ్మలు చూపించడం, అతని తల్లి పేరిందేవమ్మ కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్కదానికీ వంక పెట్టడం అలవాటైపోయింది.

"ఇది లాబ్రడార్ అమ్మా. మహా నెమ్మది. పిల్లలతో బాగా కలిసిపోతుంది."

"దాని ఒంటినిండా బొచ్చే కదరా! అన్నంలో వెంట్రుక కనిపిస్తే మీ నాన్నగారు కంచం ముందునుంచి లేచిపోయేవారు. ఇప్పుడు దీని బొచ్చు ఏరుకుంటూ తినమంటావా?"

"పోనీ ఇది చూడు. పగ్ అంటారు."

"ఎవరో తలుపుసందులో పెట్టి నొక్కినట్టుందిరా దాని మొహం. అయ్యో, చొంగ కూడా కారుస్తోంది. ఛీ!"

"పొమేరియన్?"

"కింది వాటా వాళ్ళకుంది కదా. గుమ్మంలో ఆకు కదిలినా మొరుగుతుంది."

"అయితే ఊరకుక్క పిల్లను తెచ్చుకుందాం. మన ఎండకీ గాలికీ తట్టుకుంటుంది."

"తెచ్చుకో నాయనా. పొద్దున్నే చెత్తకుండీ దగ్గర ఏం తిన్నదో, ఆ మూతితోనే వచ్చి నీ మొహం నాకుతుంది."

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న ఫణికుమార్ భార్య వకుళ నవ్వుతూ కూతురివైపు చూసింది. చాపమీద ఓ చివర కూర్చున్న చారుశీల నవ్వడం లేదు.

"ఏదైనా సరే బామ్మా" అంది ఆ పిల్ల. "నా పక్కన కూర్చునేదైతే చాలు."

ఆ మాటతో ఫణికుమార్ ఫోను బోర్లించేశాడు.

చారుశీలకు సొరియాసిస్. మోచేతులమీద, మోకాళ్ళమీద, తలలో చర్మం మందంగా అట్టలు కట్టి, తెల్లటి పొట్టు రాలుతుంది. చలికాలంలో పగిలి నెత్తురు చిమ్ముతుంది. అది అంటుజబ్బు కాదని డాక్టరు చెప్పాడు, బళ్ళో టీచరు చెప్పింది, వకుళ స్వయంగా వెళ్ళి పిల్లలందరికీ బొమ్మలు గీసి మరీ చెప్పింది. అందరూ బుద్ధిగా తలలూపారు. మర్నాడు చారుశీల బెంచీమీద మళ్ళీ ఆమె ఒక్కతే కూర్చుంది. కుక్క కావాలని ఆ పిల్ల అడగడం మొదలుపెట్టింది అప్పటినుంచే. అయితే పగిలిన చర్మాన్ని కుక్క నాకినా, గోళ్ళతో గీరినా చీము పట్టే ప్రమాదముందని డాక్టరు హెచ్చరించాడు. పేరిందేవమ్మకు ఆచారం అడ్డమైతే, వకుళకు ఇదీ భయం.

"మా దగ్గర ఒక జాతి తయారవుతోంది" అంది వకుళ. "కొన్నాళ్ళు ఓపిక పట్టండి. అత్తయ్యా, మీరే పిలిచి పీట వేస్తారు దానికి."

*

వకుళ పనిచేసే పరిశోధనశాల విశాఖపట్నం దాటాక భీమిలి రోడ్డులో, జీడిమామిడి తోటల మధ్య ఉంది. అక్కడ తయారవుతున్న జాతికి శుచి అని పేరు పెట్టారు. కుక్క కుళ్ళింది తింటుంది, మలం తింటుంది, తాను కక్కింది తానే తింటుంది. దానికి రోత లేదు. మనిషి మెదడులో ఒక మడత ఉంది, చెడ్డ వాసన తగిలితే కడుపులో తిప్పేది అక్కడినుంచే. కుక్క మెదడులో ఆ మడతకు ప్రాణం పోయగలిగితే, చెత్త ముట్టని, ఒళ్ళు నాకని, కాళ్ళు తుడుచుకోకుండా గడప దాటని కుక్క పుడుతుందని అధిపతి డాక్టర్ కూర్మారావు ఆలోచన.

ఆ ఆలోచన ఫలించింది. ఎంతగా ఫలించిందంటే, మొదటి ఆడకుక్క ఈనగానే తన పిల్లలకేసి ఒక్కసారి చూసి, పెదవి పైకి ముడిచి, గది మూలకు పోయి గోడవైపు తిరిగి పడుకుంది. మావితో, నెత్తురుతో తడిసిన పిల్లలు కళ్ళు తెరవకుండానే కుయ్యికుయ్యిమంటూ నేలమీద పాకాయి. పుట్టిన కుక్కపిల్లకు తనంతట తాను మూత్రం రాదు, తల్లి నాకితేనే వస్తుంది. ఈ తల్లి నాకలేదు. పొట్టలు బిగిసి ఆ ఈతంతా చచ్చిపోయింది. పిల్లల్ని గోతిలో పెట్టి వచ్చిన గౌరునాయుడు, జంతువుల్ని చూసుకునే మనిషి, చాలాసేపు కొళాయి కింద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"కన్నతల్లికి రోతేటి మేడమ్!" అన్నాడు. "ఆ మొహం సూసినారా? మా వీధిలో పెద్దింటోళ్ళు నన్ను సూసినట్టే సూసింది పిల్లల్ని."

తరువాతి ఈతనుంచి తల్లి పని మనుషులే చేశారు. గోరువెచ్చని నీళ్ళలో ముంచిన దూదితో వకుళ, గౌరునాయుడు పిల్లల పొట్టల కింద రాసేవారు. వేళ్ళమీద పసుపుపచ్చగా కారేది. చేతితొడుగులు ఎన్ని మార్చినా ఆ వాసన గోళ్ళలో మిగిలిపోయినట్టే ఉండి, వకుళ మధ్యాహ్నం డబ్బాలో అన్నం చెంచాతో తినడం అలవాటు చేసుకుంది.

అప్పుడు మరో సంగతి తేలింది. మడత బతికింది గానీ, దేన్ని చూసి రోయాలో పిల్లలకు పుట్టుకతో తెలియదు. మనిషి బిడ్డా అంతే కదా. తన పెంటలో తానే చెయ్యి పెట్టి నవ్వుతుంది, తల్లి ఛీ అంటే నేర్చుకుంటుంది. కుక్కపిల్లకు ఛీ అన్న మాట అక్కర్లేదు. రోత కలిగినప్పుడు మనిషి చెమట మారుతుంది. ఒళ్ళో పడుకున్న పిల్ల ఆ మార్పును పసిగట్టి, ఆ క్షణంలో ముక్కుకు తగిలిన వస్తువును ఇక ముట్టదు. పెంచిన మనిషి దేనికి రోస్తే, కుక్కా దానికే రోస్తుంది.

"అయితే మీ చెమటే కావాలండి వకుళ గారూ" అన్నాడు కూర్మారావు. "మీ ఇంట్లో మడీ ఆచారం, ఎంగిలీ అంటూ అన్నీ ఉన్నాయి కదా. మా నాయుడు పెంచినాడనుకోండి, ఆ పిల్ల ఎండుచేపల కుండలో తల దూర్చీగలదు."

"దూర్చితే తప్పేటి సార్?" అన్నాడు గౌరునాయుడు. అందరూ నవ్వారు. వకుళ కూడా నవ్వింది.

గోధుమరంగు ఆడ కుక్కపిల్ల ఒకటి వకుళ వంతుకు వచ్చింది. సరిపోల్చి చూడడానికి దాని చెల్లెల్ని గౌరునాయుడికి అప్పగించారు. వకుళ రోజూ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, కుళ్ళిన మాంసం, పేడపురుగులు, మురికినీళ్ళు పళ్ళేల్లో వరసగా ముందు పెట్టేవారు. పని వేగంగా సాగాలని సాయంత్రాలు బుట్టలో ఇంటికి కూడా తీసుకువెళ్ళేది. టీకా సూదులన్నీ పూర్తయ్యేదాకా చిన్నపిల్లలు కుక్కపిల్లను ముట్టుకోకూడదని నియమం. అందుకని చారుశీల దూరంనుంచే చూసి, పాలకోవా రంగులో ఉందని కోవా అని పేరు పెట్టింది. వకుళ కూతురికి మందు రాస్తున్నప్పుడు మూతపెట్టిన ఆ బుట్ట తన మోకాలి పక్కనే ఉండేది.

మందు రాయడం ఏ ఒక్క సాయంత్రమూ తప్పనిచ్చేది కాదు వకుళ. తారు వాసన కొట్టే ఆ నల్లటి మందును రబ్బరు తొడుగు వేళ్ళతో అట్టలమీద పట్టించి, తడిసి ఊడిన పొట్టును కాగితంలోకి దులిపి, మడిచి పారేసేది. ఆమె మొహంలో ఏమీ కనిపించేది కాదు. విసుక్కునేది కాదు. ఇంతకంటే ఓపికగా ఏ తల్లి చేస్తుందని ఫణికుమార్ బంధువులందరితో అనేవాడు. వకుళ కూడా అదే అనుకునేది.

*

కోవా ఇంట్లో విడిగా తిరిగిన మొదటి రోజు పండగలా గడిచింది. గుమ్మంలో గోనెపట్టామీద నాలుగు కాళ్ళూ తుడుచుకుని లోపలికి వచ్చింది. పేరిందేవమ్మ కంచంలో మిగిలిన అన్నం చూపిస్తే తల తిప్పేసుకుంది. శుభ్రమైన గిన్నెలో వేరే పెడితే తిన్నది.

"ఏవిటే వకుళా, ఇది ఎంగిలి ముట్టదా!" ముసలావిడ బుగ్గలు నొక్కుకుంది. "పూర్వజన్మలో ఏ సోమయాజులుగారో అయ్యుంటుంది. ఫణీ, నువ్వు దీని దగ్గర కూర్చుని నేర్చుకోరా, కాఫీగ్లాసు ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదని!"

చారుశీల తలంటు పోసుకుని, పొడుగు చేతుల గౌను వేసుకుని వచ్చింది. మెల్లిగా నేలమీద చతికిలబడి, పక్కన చాపమీద అరచేత్తో తట్టింది.

"కోవా, రా!"

కుక్క తోకాడిస్తూ వెళ్ళింది. రెండడుగుల దూరంలో ఆగింది. ముక్కు ముడిచింది. పైపెదవి ఒకపక్కకు లేచి పంటిచిగురు కనిపించింది. నాలుక బయటకు తోసి, మెడ సాచి, డొక్కలు ఎగరేస్తూ ఓక్... ఓక్... మని వాంతి చేసుకుంది. తరువాత వెనక్కి వెనక్కి నడిచి, గోడకు ఆనుకుని, ఆ పిల్లను చూడకుండా తల తిప్పుకుంది.

చారుశీల చెయ్యి ఇంకా చాపమీదే ఉంది.

"కొత్త కదమ్మా" అన్నాడు ఫణికుమార్, అవసరానికి మించి గట్టిగా. "కారులో వచ్చింది, తిప్పినట్టుంది."

"మందు కంపు" అంది పేరిందేవమ్మ. "ఆ తారు వాసనకి నాకే దిమ్ము తిరుగుతుంది. దీని ముక్కు మహా సున్నితం. పాపం, చంటిది!"

వకుళ గుడ్డ తెచ్చి నేల తుడిచింది. తుడుస్తున్నంతసేపూ కూతురి కళ్ళు తనమీద ఉన్నట్టనిపించింది గానీ, తలెత్తి చూడలేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. చారుశీల గదిలోకి వస్తే కుక్క గదిలోంచి పోయేది. పోవడానికి దారి లేకపోతే కక్కేది. పిల్ల రెండుపూటలా ఒళ్ళు రుద్దుకోవడం మొదలుపెట్టింది. పీచుతో రుద్ది రుద్ది అట్టలు లేచిపోయి, స్నానాలగది గచ్చుమీద ఎర్రటి చారలు పడ్డాయి. అవి చూసి ఫణికుమార్ కుక్కను తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. చారుశీల వద్దని ఏడ్చింది. "రేపటినుంచి ఇంకా శుభ్రంగా ఉంటాను నాన్నా" అంది. ఆ మాటకు అతను గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

మందు వాసనేనా అని తేల్చడానికి ముందుకు వచ్చినావిడ పేరిందేవమ్మే. ఆ నల్ల మందు ఇంత తీసి తన మోకాలికి పట్టించుకుని కూర్చుంది. కోవా వచ్చి, మోకాలు వాసన చూసి, మందు అంటిన చోటే గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది.

"మందు కాదే" అంది ముసలావిడ. గొంతు తగ్గించింది. "మరేవిటి?"

ఆవిడకు లోకమంతా మైలే. కొళాయి పట్టుకుంటే చెయ్యి కడుగుతుంది, కూరగాయలకు పసుపునీళ్ళు చల్లుతుంది, ఆటో ఎక్కి వస్తే తలమీద నీళ్ళు పోసుకుంటుంది. కానీ రోజూ పడుకునేది మనవరాలి పక్కనే. దుప్పటిమీద రాలిన పొట్టును వట్టి చేత్తో ఊడ్చి, ఆ చేతినే పిల్ల తలమీద వేసి కథ చెబుతుంది. వకుళ రోజూ చూస్తున్నదే అది. ఆ సాయంత్రం మాత్రం మొదటిసారి చూసినట్టు చూసింది.

*

చారుశీల విడిచిన గౌను ఒకటి సంచిలో పెట్టుకుని వకుళ పరిశోధనశాలకు వెళ్ళింది. మోచేతుల దగ్గర నెత్తురు, చీముచారికలు ఆరి గట్టిపడిన గౌను. బోనులో నేలమీద పరిచింది. ముందు కోవాను వదిలింది. అది దగ్గరకు కూడా పోలేదు, దూరంనుంచే ఓక్కుమంది.

"నీ పిల్లను తీసుకురా నాయుడూ."

గౌరునాయుడు పెంచిన చెల్లెలు పరుగెత్తుకొచ్చింది. దానికీ అదే మెదడు, అదే మడత. కుళ్ళిన మాంసం చూస్తే అదీ తల తిప్పేసుకుంటుంది. గౌనును ఆసాంతం వాసన చూసింది. మోచేతి మరక దగ్గర కాస్త ఎక్కువసేపు చూసింది. తరువాత దానిచుట్టూ గుండ్రంగా తిరిగి, మధ్యలో ముడుచుకుని పడుకుంది.

"ఇదేటి మేడమ్, నిద్దరోతంది!" గౌరునాయుడు నవ్వాడు. "చంటిపిల్ల గుడ్డ కదా, దానికి హాయిగున్నట్టుంది. మీ పిల్లకేటయింది మరి? ఎవలు నేర్పినారు దానికి?"

అడిగాక అతనికే అర్థమై, నవ్వు ఆపి, బోను గడియ సరిచేసే వంకతో అటు తిరిగాడు.

వకుళ కుర్చీలో కూలబడింది. తన చర్మాన్ని తానే వలిచి పారేసుకోవాలనిపించింది. సాయంత్రం తరువాత సాయంత్రం, మోకాలి పక్కన బుట్టలో ఆ చిన్న ముక్కు తన చంకల కిందినుంచి, మెడమీదినుంచి, తొడుగుల్లోని అరచేతుల్లోంచి కారినదాన్ని పీల్చుకుంది. మొహాన్ని అదుపులో పెట్టుకోవడం ఆమెకు వచ్చు. చెమటను అదుపులో పెట్టుకోవడం ఎవరికి వచ్చు?

కూర్మారావు గదిలో పునుగులు తింటున్నాడు. చెప్పిందంతా విన్నాడు. నూనె వేళ్ళు ఒక్కొక్కటీ చప్పరించి, రుమాలుకు తుడుచుకున్నాడు. అతని కళ్ళు మెరుస్తున్నాయి.

"మనిషి చర్మాన్ని కూడా నేర్చుకుందంటారా? అమ్మా, ఇది లోపం కాదండి. అసలు సరుకే ఇది! పెద్దపెద్ద అపార్ట్‌మెంట్లవాళ్ళు ఏమంటున్నారో మీకు తెలీదు. ఎవరిని లోపలికి రానివ్వకూడదో నోటితో చెప్పలేకపోతున్నామండి, బాగోదు కదా, అంటున్నారు. ఇకమీదట చెప్పక్కర్లేదు. వాళ్ళ మనసులో ఎవరంటే పడదో కుక్కకూ పడదు. మొరగదు, కరవదు. వచ్చినోడి మొహంమీదే కక్కుతుంది, అంతే! కేసు పెట్టడానికేముంది అందులో?"

అతని మీసానికి పునుగు ముక్క అంటుకుని ఉంది. మాట్లాడుతుంటే అది కదులుతోంది.

"వచ్చే ఈతకు నా చెమట ఇవ్వను" అంది వకుళ.

"మీరు కాపోతే ఇంకొకరు ఇస్తారండి." కూర్మారావు పళ్ళెం ఆమెవైపు జరిపాడు. "దీనికి కరువేటి మన ఊళ్ళో? తినండి, వేడిగున్నాయి."

ఆమె బయటకు వచ్చి, జీడిమామిడి చెట్టు మొదట్లో తిన్నదంతా కక్కేసుకుంది. కోవా వచ్చి ఆ మడుగును చూసి, మొహం అటు తిప్పుకుంది.

*

ఇంటికి వచ్చేసరికి చారుశీల వరండాలో హోంవర్క్ రాసుకుంటోంది.

"ఏం తేలిందమ్మా?"

"మందు వాసనేనే. వేరే మందు..."

"బామ్మ మోకాలికి రాసుకున్నదీ అదే మందు కదా." పిల్ల పెన్సిలు కింద పెట్టలేదు. "కోవా బామ్మ మీద పడుకుంది. నేను తలుపు పక్కనుంచి చూశాను."

లోపలినుంచి పేరిందేవమ్మ పిలవబోయి, కోడలి మొహం చూసి ఆగిపోయింది.

వకుళ కూతురి ఎదురుగా నేలమీద కూర్చుంది. చెప్పడానికి మాటలు ముందే సిద్ధం చేసుకుంది గానీ, అవి పరిశోధనశాల మాటల్లాగే వచ్చాయి. మెదడులో మడత, చెమట, నేర్చుకోవడం. కారణం నీ ఒళ్ళు కాదని, చెల్లెలు కుక్క నీ గౌనుమీద హాయిగా నిద్రపోయిందని చెప్పింది. ఇక చివరి మాట మిగిలింది. అది నోట్లోనే ఉండిపోయింది.

"నీ దగ్గర నేర్చుకుందా?" అంది చారుశీల.

"ఊఁ."

పిల్ల ఏడుస్తుందనుకుంది వకుళ. ఏడిస్తే దగ్గరకు తీసుకుందామనుకుంది. చారుశీల ఏడవలేదు. లెక్క సరిపోయినప్పటిలా తల ఊపింది.

"మందు రాసేటప్పుడు నువ్వు ఊపిరి తీసుకోవు" అంది. "చిన్నప్పుడు అది మందుకోసం అనుకునేదాన్ని."

వకుళ రెండు చేతులతో మొహం కప్పుకుంది. కప్పుకున్న చేతులనే తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"రేపు పొద్దున్నే తీసుకెళ్ళి ఇచ్చేస్తాను దాన్ని" అంది చివరికి. "నీకు నచ్చిన కుక్కను తెచ్చుకుందాం. ఊరకుక్కే తెచ్చుకుందాం. బామ్మకు నేను చెబుతాను."

"వద్దు. ఉండనీ."

"ఎందుకే? అది నిన్ను చూసి..."

"నిన్ను చూస్తే నాకేమీ తెలీదమ్మా. నువ్వు బాగానే ఉంటావు ఎప్పుడూ." పిల్ల పుస్తకం మూసింది. "దాన్ని చూస్తే తెలుస్తుంది."

లోపల పేరిందేవమ్మ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. ఫణికుమార్ వీధి గుమ్మంలోకి వచ్చి, చెప్పులు విడవబోయి, అలాగే నిలబడిపోయాడు.

మందు వేళయింది. వకుళ వట్టి చేతులతో కూర్చుంది. నల్లటి ముద్ద తీసి, కూతురి మోచేతిమీద పెట్టి, గట్టిగా ఊపిరి పీల్చింది. తారు, పచ్చి పుండు, పాచిపట్టిన చర్మం అన్నీ కలిసిన వాసన ఛాతీలోకి దిగింది. వేళ్ళ కింద అట్ట తడిసి, మెత్తబడి, పొరలుగా ఊడి గోళ్ళలోకి ఎక్కింది. ఇది నా బిడ్డ ఒళ్ళు, నా కడుపులో పెరిగిన ఒళ్ళు అని తనకు తాను చెప్పుకుంటూ రాసింది. మొహం ప్రశాంతంగానే ఉంది. మెడమీద మాత్రం చెమట పట్టింది.

చారుశీల తల్లి మొహంకేసి చూడడం లేదు. గది బయట గుమ్మంలో పట్టామీద పడుకున్న కోవాకేసి చూస్తోంది.

కుక్క తలెత్తింది. గాలిలో వకుళ చెమట వాసన చూసింది. పైపెదవి మెల్లిగా ఒకపక్కకు లేచింది.

"ఇంకా పోలేదు" అంది చారుశీల, జ్వరం చూసి చెప్పినట్టు. రెండో మోచెయ్యి ముందుకు చాపింది.